37 క్విల్ట్ ముక్కలు, ఒక వంటింటి మంట, మా అమ్మ బొంత

అమ్మ డాలస్‌లో దిగింది 2024 అక్టోబర్ 19న. ఆమె సామాన్లు పెట్టడానికి అల్మారా ఖాళీ చేస్తుంటే పై అరలోంచి ప్లాస్టిక్ డబ్బా ఒకటి జారి కింద పడి మూత ఊడింది. లోపలివన్నీ కార్పెట్ మీద పరుచుకున్నాయి.

"ఇవేంటే, బొంత ముక్కలా?"

"బొంత కాదమ్మా, క్విల్ట్ బ్లాకులు. మిగిలిపోయినవి."

"మిగిలినవి ఇన్నా? మరి అసలువేవి?"

ఆ మాట గట్టిగానే తగిలింది. 2021లో ఇక్కడి లైబ్రరీలో క్విల్టింగ్ (గుడ్డముక్కలు అతికి, లోపల మెత్తటి పొర పెట్టి దుప్పటి కుట్టడం) నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్లలో పూర్తి చేసినవి రెండే క్విల్టులు. డబ్బాలో ఉన్నవి 37 బ్లాకులు, అంటే క్విల్టు పై భాగం కోసం విడివిడిగా కుట్టి పెట్టుకునే ముక్కలు. ఇక్కడి క్విల్టర్లు ఇలాంటి వాటిని ఆర్ఫన్ బ్లాక్స్ అంటారు, అంటే అనాథలు. పారేయడానికి చేయి రాదు, కుట్టడానికి మనసు రాదు.

ఆ రాత్రి అమ్మకి నిద్ర పట్టలేదు, జెట్ లాగ్. రెండింటికి హాల్లో లైటు వేసుకుని కూర్చుని, ముక్కల్ని రకాలవారీగా పేర్చేసింది. అందుకే లెక్క ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఎర్ర చదరం పెట్టి చుట్టూ పట్టీలు వేసుకుంటూ పోయే లాగ్ క్యాబిన్‌లు 9. నెలకో బ్లాకు చొప్పున కుడదామని మొదలెట్టి ఆరో నెలలో వదిలేసిన ఒహాయో స్టార్‌లు 6. మా అత్తగారి పాత వెంకటగిరి చీరలు కోసి కుట్టిన తొమ్మిది గళ్ల నైన్ ప్యాచ్‌లు 14. త్రికోణాలు వరుసగా ఎగురుతున్నట్టుండే ఫ్లయింగ్ గీస్ పట్టీలు 5. క్లాసులో ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకున్నవి 3: ఒక ఇల్లు, ఒక పిల్లి, థాంక్స్‌గివింగ్ కోసం ఎవరో కుట్టిన ఒక టర్కీ కోడి.

నా మొదటి ఆలోచన అందరికీ వచ్చేదే, అన్నీ కలిపి ఒకే పెద్ద క్విల్ట్ కుట్టేయడం. గోడకి తెల్ల ఫ్లానెల్ దుప్పటి మేకులు కొట్టి తగిలించాను (బ్లాకులు దానికి అంటుకుని నిలబడతాయి, గుండుసూదులు అక్కర్లేదు). రెండు శనివారాలు, రెండు ఆదివారాలు అటూ ఇటూ మార్చాను. అత్తగారి చీరల లేత మామిడి రంగు పక్కన టర్కీ కోడి. పన్నెండు అంగుళాల నక్షత్రం పక్కన ఆరు అంగుళాల గళ్లు. అమ్మ కాఫీ తాగుతూ చూసి చూసి, "ఇది దుప్పటి కాదే, కలగూరగంప" అంది. నవంబర్ 10న దుప్పటి ఊడదీశాను. నాలుగు రోజుల పని, ఒక్క కుట్టు కూడా పడలేదు.

అయితే ఆ నాలుగు రోజుల్లో ఒక సంగతి తెలిసింది. నా బ్లాకులన్నీ ఒకే కొలత అనుకుంటూ వచ్చాను, కానే కాదు. లాగ్ క్యాబిన్‌లు పన్నెండున్నర అంగుళాలు ఉండాలి. స్కేలు పెడితే పదకొండు ముప్పావు నుంచి పన్నెండుంపావు దాకా ఉన్నాయి. కుట్టు పావు అంగుళం లోపలికి రావాలి. కొత్తలో నేను ఇష్టమొచ్చినట్టు కుట్టాను. ఒక్కో కుట్టులో కాస్త తేడా వచ్చినా, లాగ్ క్యాబిన్‌లో కుట్లు ఎన్నో ఉంటాయి కాబట్టి అన్నీ కలిసి ముప్పావు అంగుళం పోయింది.

తర్వాత, చలి మొదలైంది కదా అని, మైక్రోవేవ్‌లోంచి వేడి గిన్నె తీయడానికి గిన్నె ఆకారంలో గుడ్డ తొడుగులు కుట్టాలనుకున్నాను. పది అంగుళాల చదరపు గుడ్డ కావాలి. నైన్ ప్యాచ్ ఒకటి తీసుకుని చుట్టూ పట్టీ వేసి పదికి తెచ్చాను. దీనికి ఒక నియమం ఉంది: గుడ్డ, లోపలి బ్యాటింగ్ (మధ్యలో పెట్టే మెత్తటి పొర), దారం అన్నీ నూటికి నూరు శాతం కాటన్ కావాలి, పాలియెస్టర్ అయితే కరుగుతుంది. అన్నీ కాటనే కొన్నాను. ఆరేడు డాలర్లు పెట్టి కాటన్ దారం కూడా. "ఇంత ఖర్చు పెట్టి మసిగుడ్డ కుడుతున్నావా?" అంది అమ్మ. ఆమెకి పాత లుంగీ ముక్క చాలు.

నవంబర్ 17, ఆదివారం. సాంబారు గిన్నె తొడుగులో పెట్టి మైక్రోవేవ్‌లో పెట్టాను. అరనిమిషం కాకముందే లోపల చిటపటమంటూ నీలం మెరుపులు, వెంటనే కాలిన వాసన. ఆపి తలుపు తీసేసరికి స్మోక్ అలారం మోగింది. మా ఆయన కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతుంటే, పాప చెవులు మూసుకుని మెట్ల మీద కూర్చుంది. తొడుగు మధ్యలో రూపాయి బిళ్లంత నల్ల కన్నం.

అమ్మ ఆ ముక్కని చేతిలోకి తీసుకుని గోటితో గీరి చూసింది. "బుటా ఉందే దీన్లో." చీర ఒంట్లో అక్కడక్కడా మిణుకుమనే సన్నటి జరీ చుక్క. నేను అంచు కోసి పక్కన పెట్టాను కానీ ఒంట్లోని బుటాలు చూసుకోలేదు. జరీ అంటే లోహపు పోగు. లోహం మైక్రోవేవ్‌లో పెట్టకూడదని పిల్లలకి కూడా తెలుసు, నాకూ తెలుసు. పాత చీరలతో ఇలాంటివి కుట్టేవాళ్లు ముక్కని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకోండి. మిణుకుమందంటే పక్కన పెట్టేయండి. నేను మిగతా పదమూడూ చూస్తే నాలుగింటిలో జరీ ఉంది. ఆ రోజు ఏడుపొచ్చింది, మంటకి కాదు. అత్తగారు పోయి మూడేళ్లయింది. ఆ చీర ఆవిడ శ్రావణ శుక్రవారాలు కట్టుకునేది.

ఒక వారం డబ్బా ముట్టుకోలేదు.

నవంబర్ ఆఖర్లో ఒకరోజు ఆఫీసు కాల్ ముగించి కిందికి వస్తే, అమ్మ సోఫాలో కూర్చుని కత్తెరతో నైన్ ప్యాచ్ ముక్కని నిలువునా కోస్తోంది. "అమ్మా!" అని అరిచాను. అప్పటికే మూడు ముక్కలు నాలుగేసి పాళ్లుగా ఆమె ఒళ్లో ఉన్నాయి. కుట్టిందాన్ని మళ్లీ కోయడమేమిటి? నేను మూడు రోజులు కూర్చుని మూలలు మూలలకి కలిపి కుట్టినవి అవి. "మరి ఊరికే డబ్బాలో పెట్టి ఏం చేస్తావ్? పూజ చేస్తావా?"

కోపంతో క్లాసు గ్రూపులో ఫోటో పెట్టాను. వెంటనే ముగ్గురు జవాబిచ్చారు: అది తెలిసిన పద్ధతేనట, పేరు డిసప్పియరింగ్ నైన్ ప్యాచ్. తొమ్మిది గళ్ల బ్లాకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కోసి, పాళ్లని తిప్పి మళ్లీ కుడితే అది నైన్ ప్యాచ్ అని ఎవరూ గుర్తుపట్టలేరు. కొత్త డిజైన్ వస్తుంది. నేను వాళ్ల జవాబులు చదివి వినిపిస్తే అమ్మ తల కూడా ఎత్తలేదు.

ఆమె చేసింది మాత్రం తిప్పి కుట్టడం కాదు. తన పాత కాటన్ చీర ఒకటి నాలుగు మడతలు వేసి నేల మీద పరిచింది. అంచు నుంచి మొదలుపెట్టి, ముక్క అంచుని లోపలికి మడిచి, ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కిస్తూ, పెద్ద సూదితో టాకాలు వేసుకుంటూ పోయింది. చుట్టూ ఒక వరుస, దాని లోపల ఇంకో వరుస, అలా మధ్యకి. స్కేలు లేదు, కట్టింగ్ మ్యాట్ లేదు. చిన్న ముక్క పడితే చిన్నది, పెద్దది పడితే పెద్దది. నైన్ ప్యాచ్‌ల పాళ్లు 12 అయిపోయాక నా చెత్తబుట్టలోంచి కత్తిరింపులు ఏరుకుంది. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక గంట, గంటన్నర. ఇంచుమించు అయిదు వారాలు.

డిసెంబర్‌లో అమ్మనీ ఆ బొంతనీ క్లాసుకి తీసుకెళ్తే, నెరిసిన జుట్టు పెద్దావిడ ఒకరు దాన్ని తిరగేసి చూసి, "ఇది కవాందీయా?" అని అడిగింది. అమ్మ నా మొహం చూసింది, నేను అమ్మ మొహం చూశాను. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు ఉండే సిద్దీలు, ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్ల సంతతి, ఇలాగే అంచు నుంచి లోపలికి కుట్టే బొంతల్ని కవాందీ అంటారట. మన పక్క రాష్ట్రం సంగతి టెక్సాస్ ఆవిడ చెప్తే తెలిసింది. ఆవిడే అలబామాలోని జీస్ బెండ్ ఊరి నల్లజాతి ఆడవాళ్లు పాత పనిబట్టలతో కుట్టిన క్విల్టుల ఫోటోలు చూపించింది. చదరాలు వంకరగా, పట్టీలు ఒకవైపు లావుగా ఇంకోవైపు సన్నగా. అవి ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. అమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుని చూసి, "మా మేనత్త కుట్టినట్టే ఉన్నాయి. ఆవిడ బొంతలు కుక్క పడుకుని చింపింది" అంది. నేను అనువదించలేదు.

లాగ్ క్యాబిన్‌ల దారి సంక్రాంతి చూపించింది. మాకు భోగి నాడు బొమ్మల కొలువు పెట్టడం అలవాటు. ఇక్కడ మెట్లంటే అట్టపెట్టెలే, ఏటా వాటి మీద తెల్ల బెడ్‌షీట్ కప్పేదాన్ని. ఈసారి తొమ్మిది బ్లాకులూ అన్నింటికంటే చిన్నదాని కొలతకి కోసేశాను. ఇక్కడొక కిటుకు ఉంది. లాగ్ క్యాబిన్‌ని చుట్టూ కోసినా బయటి పట్టీ కాస్త సన్నబడుతుంది, అంతే, ఎవరికీ తెలియదు. నక్షత్రం బ్లాకుని అలా కోస్తే కొనలు తెగి మొండి నక్షత్రం అవుతుంది. అందుకే నక్షత్రాలకి ఉల్టా చెయ్యాలి: చుట్టూ పట్టీ కుట్టి పెద్దది చేసి, ఆ పట్టీని కోసి అన్నింటినీ ఒక కొలతకి తేవాలి.

మూడు వరుసలు, వరుసకి మూడు. పైనా కిందా మామూలు గుడ్డ అతికిస్తే అయిదు మెట్లకీ సరిపోయింది. బ్యాటింగ్ వెయ్యలేదు, వేస్తే బొమ్మలు నిలబడవు. జనవరి 13న పేరంటానికి వచ్చినవాళ్లు బొమ్మలకంటే ముందు మెట్ల గుడ్డ గురించే అడిగారు. కొండపల్లి ఏనుగు అంబారీ సరిగ్గా ఒక ఎర్ర చదరం మధ్యలో కూర్చుంది. కావాలని పెట్టలేదు.

ఇల్లు బొమ్మ బ్లాకు దిండు గలీబు అయింది. పిల్లి పాప సంచికి జేబు అయింది. వీటికి చెప్పేదేం లేదు, తలా ఒక గంట.

అసలు ఆలస్యమూ ఖర్చూ ఆరు నక్షత్రాల దగ్గర. పిల్లలకి ఇళ్లలో తయారుచేసిన దుప్పట్లు ఇచ్చే ప్రాజెక్ట్ లైనస్ అని ఒకటుంది, 1995 నుంచి నడుస్తోంది. దానికి ఇద్దామనుకున్నాం. నక్షత్రాల చుట్టూ పట్టీలు వేసి పద్నాలుగున్నర అంగుళాలకి తెచ్చి, మధ్యలో పట్టీలు, చుట్టూ బార్డరు. పై భాగం 40 అంగుళాలు వెడల్పు, 56 పొడవు వచ్చింది. నా మామూలు మిషన్ మీద మూడు పొరలు తోయడం నా వల్ల కాదు. పెద్ద క్విల్టుల పొరలు కలిపి కుట్టే లాంగ్‌ఆర్మ్ మిషన్ ఉన్న ఒకావిడకి ఇచ్చాను. చదరపు అంగుళానికి రెండున్నర సెంట్లు. చిన్న లెక్కలా వినిపిస్తుంది కానీ 2,240 చదరపు అంగుళాలకి 56 డాలర్లు. బ్యాటింగ్ ఆవిడదే, ఇంకో 18.

జనవరి 25న ఇచ్చాను. 29న మెసేజ్: వెనక గుడ్డ చాలదు. నేను పక్కలకి ఒకటిన్నరేసి, పైనా కిందా రెండేసి అంగుళాలు ఎక్కువ వదిలాను, చాలనుకున్నాను. ఆవిడకి నాలుగు వైపులా నాలుగేసి కావాలట, మిషన్‌కి బిగించడానికి. అంటే 48 బై 64. నా దగ్గరున్నది 43 బై 60. గుడ్డల షాపులో ఆ గుడ్డ అయిపోయింది. ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. ఆ రాత్రి డబ్బా తీసి చూస్తే మిగిలినవి నైన్ ప్యాచ్‌లు పది, ఫ్లయింగ్ గీస్ పట్టీలు అయిదు, టర్కీ కోడి.

వెనక గుడ్డని నిలువునా కోసి, మధ్యలో పది నైన్ ప్యాచ్‌లు నిలువు వరుసగా కుట్టాను. ఒక్కోటి ఆరు, పది కలిస్తే అరవై. పొడవు సరిగ్గా సరిపోయింది. వెడల్పు నలభై ఎనిమిదిన్నర అయింది. అడుగున నాలుగు ఫ్లయింగ్ గీస్ పట్టీలు అడ్డంగా అతికితే అరవై నాలుగు. స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచాను, నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడు ఆ క్విల్టు వెనక వైపే నాకెక్కువ ఇష్టం. జరీ ఉన్న నాలుగు ముక్కలూ అక్కడే ఉన్నాయి. దుప్పటిని ఎవరూ మైక్రోవేవ్‌లో పెట్టరు.

ఫిబ్రవరి 8న మళ్లీ ఇచ్చాను. చేతికొచ్చింది మార్చి 14న. ఈ మధ్యలోనే, గుడ్డలూ కుట్టు సామాన్లూ అమ్మే జోఆన్ దుకాణాలన్నీ మూసేస్తున్నామని ప్రకటించారు. క్లియరెన్స్ సేల్‌కి "ఊరికే చూసొద్దాం" అని వెళ్లి పదకొండు గజాల గుడ్డతో వచ్చాను. మిగులు ముక్కలు తగ్గించడం కోసం మొదలెట్టిన పని ఇది. అమ్మ కారులో ఏమీ అనలేదు. ఇంటికొచ్చి నాన్నకి ఫోన్లో చెప్పింది.

అంచుకి బైండింగ్ అమ్మ చేత్తో వేసింది, రెండు రోజుల్లో. మార్చి 16న ఉతికాను. ఎర్ర పట్టీ రంగు దిగి, తెల్ల నక్షత్రం ఒకటి లేత గులాబీ అయిపోయింది. కుట్టకముందే ఆ ఎర్ర గుడ్డ మీద తడి తెల్లగుడ్డ అద్ది చూడాల్సింది. విడి బ్లాకుల్ని ఉతికితే అంచులు పీచు లేస్తాయని భయపడి అది కూడా చెయ్యలేదు. క్లాసులో చెప్పిన వైద్యం చేశాను: ఆరబెట్టకుండా, బాత్‌టబ్ నిండా బాగా వేడి నీళ్లు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్, 12 గంటలు మునిగి ఉండాలి. ఒక్కసారి డ్రయర్‌లో వేస్తే మరక ఇక పోవడం కష్టం. మొదటి రాత్రి నీళ్లు గులాబీ రంగు. రెండో రాత్రి మళ్లీ పెడితే తేటగా వచ్చాయి. నక్షత్రం తెల్లబడింది. రెండు రోజులు నలుగురం ఒకే బాత్రూంకి వరస కట్టాం.

ఇవ్వబోయే ముందు ఫోన్ చేస్తే ప్రాజెక్ట్ లైనస్ సమన్వయకర్త, ఇంట్లో పొగ తాగేవాళ్లున్నారా, దుప్పటికి ఘాటైన వాసనలేమైనా ఉన్నాయా అని అడిగింది. సిగరెట్ లేదు కానీ ఉదయం సాయంత్రం అగరబత్తి, రోజూ పోపు. ముక్కు పెట్టి చూస్తే నిజంగానే ఇంగువ! మనకి అలవాటై తెలియదంతే. వాసన లేని సబ్బుతో ఇంకోసారి ఉతికి, అగరబత్తి ఆపి, వంటింటికి దూరంగా కవర్లో కట్టి, మార్చి 29న ఇచ్చేశాను. గుడ్డ, బ్యాటింగ్, లాంగ్‌ఆర్మ్ అన్నీ కలిపి 124 డాలర్లు అయింది. మిగిలిపోయిన ముక్కలతో ఊరికే అయ్యే పని అనుకున్నాను. అమ్మ బొంతకి అయిన ఖర్చు ఒక దారపు ఉండ.

ఏప్రిల్ 5న అమ్మ ఇండియా వెళ్లిపోయింది. బొంత పాపకిచ్చింది. అది సోఫాలో, కారులో, ఒక్కోసారి డైనింగ్ టేబుల్ కింద ఉంటుంది. టాకాలు ఒకటి రెండు చోట్ల ఊడాయి. నేను మిషన్ మీద వేస్తానంటే పాప ఒప్పుకోలేదు, అమ్మమ్మ వచ్చి కుట్టాలట.

డబ్బాలో ఒక ఫ్లయింగ్ గీస్ పట్టీ ఉండాలి, ఒక టర్కీ కోడి ఉండాలి. చూస్తే పట్టీ ఒక్కటే ఉంది. వారం తర్వాత అమ్మ వాట్సాప్‌లో ఫోటో పంపింది. మా తెనాలి ఇంటి వంటింటి గట్టు, దాని మీద మిక్సీ, మిక్సీ మీద కప్పిన టర్కీ కోడి, చుట్టూ ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ అంచు. కింద వాయిస్ మెసేజ్: "పక్కింటి పిన్నిగారు నెమలి బాగుంది, ఎక్కడ కొన్నారని అడిగింది. అమెరికా నెమలి అని చెప్పాను. ఇంకోటి ఉంటే పంపు, గ్రైండర్‌కి కూడా కావాలి."